పిక్కతో పాటు పండునీ ఏరండి

చిరంజీవులైన పిల్లలకు,

నేను ఉద్దానం మనిషిని. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఇంటర్ చదివే పిల్లల దగ్గర్నుంచి ఉద్యోగాల్లో కుదురుకున్న ముప్పై ఏళ్ళ వాళ్ళ దాకా మీ అందరికీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను. మన చుట్టూ కాసి, పండి, మన నోటి దాకా రాకుండానే నేలపాలవుతున్న చెట్ల పండ్ల గురించి మీతో మాట్లాడాలని.

ముందు మా జీడిపండు సంగతి చెబుతాను. వేసవి వచ్చిందంటే పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు తోటల్లో జీడిపండ్లు రాలుతుంటాయి. ఏరడానికి వచ్చినవాళ్ళు పండు తీసి, పిక్కను మెలితిప్పి బుట్టలో వేసుకుని, పండును చెట్టు కిందే వదిలేస్తారు. మధ్యాహ్నానికల్లా తోటంతా పులుపు వాసన వస్తుంది. కొన్నింటిని పశువులు తింటాయి, మిగతావి కుళ్ళిపోతాయి. పిక్క మాత్రం కాశీబుగ్గ ఫ్యాక్టరీలకు వెళ్ళి, పప్పై మీ ఇంటి పాయసంలోకి వస్తుంది. పిక్క కంటే పండు కనీసం అయిదారు రెట్లు బరువుంటుంది. బస్తా పిక్కలు అమ్మిన రైతు అయిదారు బస్తాల పండును మట్టిలో వదిలేసి వచ్చాడన్నమాట. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా తోటలను కూల్చినప్పుడు ఒక్కో చెట్టు కోసం ఏడ్చిన మనుషులం మేము. నిలబడి ఉన్న చెట్టు ఇచ్చే దాంట్లో ఎక్కువ భాగాన్ని ఏటా పారేస్తున్నామని మాకు తట్టడం లేదు.

జీడిపండు రసంలో విటమిన్ సి నారింజలో కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ. దాని పుట్టినిల్లు బ్రెజిల్. అక్కడ రసం పిండి, తేర్చి, సీసాల్లో నింపి కజుయినా అనే పేరుతో తాగుతారు. పోర్చుగీసువాళ్ళు పదహారో శతాబ్దంలో ఆ చెట్టును గోవాకు తెచ్చారు. గోవావాళ్ళు పండుతో ఫెనీ కాచుకున్నారు, 2009లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా సంపాదించారు. మన దాకా వచ్చేసరికి పిక్క ఒక్కటే మిగిలింది. ఎందుకు తినరని ఎవరినడిగినా వగరంటారు. నిజమే, గొంతు పట్టేస్తుంది. ఆ వగరు టానిన్ల వల్ల వస్తుంది. దాన్ని తీయడానికి యంత్రం అక్కర్లేదు, గంజి చాలు. పొద్దున్నే దెబ్బ తగలని పండ్లు కోసుకోండి. పిక్కను జాగ్రత్తగా తిప్పి తీసేయండి. పెంకులోని జీడి నూనె పెదవికి తగిలితే పొక్కుతుంది, కాబట్టి పిక్కతో ఉన్న పండును ఎప్పుడూ కొరకవద్దు. కడిగి, కోసి, రసం పిండి, అందులో చల్లారిన పలుచటి గంజి కొంచెం పోసి కలిపి కదపకుండా ఉంచండి. వగరంతా గంజిని పట్టుకుని అడుక్కి దిగుతుంది. పైన తేరిన రసాన్ని వంచుకుని ఆ రోజే తాగండి. పండు కోసిన రోజు దాటితే పులుస్తుంది. ఈ పండుకు ఉన్న అసలు కష్టం అదే, దాన్ని బజారుకు రాకుండా ఆపిందీ అదే. రసాన్ని తోట దగ్గరే తీసి, వేడిచేసి సీసాలో పట్టే చిన్న యూనిట్ ఊరికొకటి ఉంటే ఈ కష్టం తీరుతుంది. ఫుడ్ టెక్నాలజీ చదివి హైదరాబాద్‌లో ఉద్యోగం వెతుక్కుంటున్న పిల్లలు మా జిల్లాలోనే చాలామంది ఉన్నారు. సూక్ష్మ ఆహార శుద్ధి యూనిట్లకు 2020లో కేంద్రం పెట్టిన పథకంలో ఖర్చులో 35 శాతం, పది లక్షలు మించకుండా సబ్సిడీ ఇచ్చే ఏర్పాటు చేశారు. అది ఇప్పుడూ అందుతుందేమో ఒకసారి జిల్లా ఉద్యానశాఖ ఆఫీసుకు వెళ్ళి కనుక్కోండి.

విటమిన్ సి గురించి ఇంత పట్టుబట్టి చెప్పడానికి నాకొక కారణముంది. రెండంతస్తుల మెట్లెక్కి క్లాసుకు వచ్చేసరికి ఆయాసపడి, డెస్కు మీద తల వాల్చేసే ఆడపిల్లలను నా ఉద్యోగమంతా చూస్తూనే ఉన్నాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. దానికి కారణాలు చాలా ఉన్నాయి. అందులో ఒకటి మన కంచంలోనే ఉంది. అన్నం, పప్పు, ఆకుకూరల్లో ఇనుము ఉన్నా మన ఒంటికి పట్టేది తక్కువ. అదే భోజనంలో విటమిన్ సి ఉన్న పండు ఉంటే ఆ ఇనుము పేగులో బాగా ఇంకుతుంది. మనం పండు మానేసి, తిన్న వెంటనే టీ తాగుతాం. టీ ఆ కాస్త ఇనుమునూ అడ్డుకుంటుంది. ఐరన్ మాత్రలు మానమని నేను చెప్పను, డాక్టరు రాస్తే తప్పకుండా వేసుకోండి. భోజనంలో పండు మాత్రం మీ చేతిలో పని.

ఉసిరి తీసుకోండి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహార పదార్థాలను పరీక్షించి కొత్త పట్టికలు వేసింది. అందులో వంద గ్రాముల ఉసిరికి విటమిన్ సి సుమారు 250 మిల్లీగ్రాములు. పాత పట్టికలో 600 ఉండేది. ఇప్పటికీ చాలామంది ఆ 600నే చెబుతున్నారు. మీరు కొత్త లెక్కే చెప్పండి, అదే చాలా ఎక్కువ. పెద్దవాళ్ళకు రోజుకు కావలసింది మగవాళ్ళకు 80, ఆడవాళ్ళకు 65 మిల్లీగ్రాములు. ఒక మోస్తరు ఉసిరికాయ పచ్చిగా తింటే ఆ రోజుకు సరిపోతుంది. ఆపిల్ పండు వంద గ్రాములు తింటే నాలుగైదు మిల్లీగ్రాములు కూడా కష్టం. ఆపిల్‌ను నేను తప్పుపట్టడం లేదు. రోగిని చూడటానికి వెళ్తూ ఆపిల్ కొనుక్కెళ్ళే మన అలవాటును మాత్రం తప్పుపడుతున్నాను. 1939-40లో ఇప్పటి హర్యానాలోని హిస్సార్‌లో కరువు వచ్చి జనం చిగుళ్ళు వాచి రక్తం కారే స్కర్వీతో పడిపోయినప్పుడు వాళ్ళకు ఉసిరి ఇచ్చి నయం చేశారు. ఉసిరి శక్తి మీద ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు తెలియదు. మనం మాత్రం దాన్ని కార్తీకంలో వనభోజనాలకు, నిలవ పచ్చడికి, తలకు రాసుకునే నూనెకు సరిపెట్టాం.

మారేడు సంగతి చెప్పాలంటే నాకు బాధ ఎక్కువ. ఆకు కోసి శివుడికి పెడతాం, పండును గుడి వెనక కుళ్ళనిస్తాం. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగుపెట్టండి. ఏప్రిల్ నడుమ పణా సంక్రాంతి నాడు ఆ గుజ్జును నీళ్ళలో పిసికి, బెల్లం కలిపి ఇంటింటా తాగుతారు. సరిహద్దు రాయికి అటు పండగ పానీయం, ఇటు చెత్త. పెంకు గట్టిదే, సుత్తితో కొట్టాల్సిందే. లోపల నారింజ రంగు గుజ్జు, గింజల చుట్టూ జిగురు. గింజను నలపకుండా గుజ్జును నీళ్ళలో వదిలించి, వడగట్టి, బెల్లం, యాలకుల పొడి వేయండి. ఒకసారి రుచి మరిగితే మే నెలలో కూల్‌డ్రింకు జోలికి పోరు.

వైద్యంలో మారేడుకు రెండు స్వభావాలున్నాయి. బాగా పండినది విరేచనం సాఫీగా అయ్యేలా చేస్తుంది. పచ్చికాయను ముక్కలు కోసి ఎండబెట్టి కాచిన కషాయం విరేచనాలను తగ్గిస్తుంది. ఆయుర్వేదం దీన్ని వందల ఏళ్ళుగా వాడుతోంది. పంతొమ్మిదో శతాబ్దంలో బ్రిటిష్ ఫార్మకోపియాలోకి కూడా ఎక్కింది. ముంబై పరిశోధకులు 2009లో ప్రచురించిన ప్రయోగం నాకు చాలా నచ్చింది. పచ్చి మారేడు కషాయం విరేచనాల బ్యాక్టీరియాను చంపలేదు. అవి పేగు కణాలకు అంటుకోవడాన్ని, వాటి విషం పని చేయడాన్ని మాత్రం కొంతమేరకు అడ్డుకుంది. ఇది ప్రయోగశాలలో చూసిన విషయం. పసిపిల్లలకు విరేచనాలు పట్టుకుంటే ముందు ఓఆర్‌ఎస్ ఇవ్వాలి, ఆసుపత్రికి వెళ్ళాలి. ఆ తర్వాతే మారేడు.

వెలగపండు పరిస్థితి కొంచెం మేలు. వినాయక చవితికి కొంటాం, మర్నాడు ఒకళ్ళిద్దరైనా పచ్చడి చేస్తారు. పండిందో లేదో తెలియాలంటే అడుగు ఎత్తు నుంచి గట్టి నేల మీద వదలండి. ఎగిరితే ఇంకా పచ్చిదే. శ్రీలంకలో ఈ గుజ్జును కొబ్బరి పాలలో కలిపి తాగుతారు, జామ్ చేసి అమ్ముతారు. మా ఉద్దానంలో కొబ్బరీ ఉంది, వెలగా ఉంది. ఆ రెండూ ఒక గిన్నెలో కలవలేదు.

ఇక అడవి పండ్లు. వీటిని తినడం మన్యంలో సవరలకు, నల్లమలలో చెంచులకు తెలిసినంతగా మనకు తెలియదు. పాలచెట్టు పండు చూశారా? ఆలివ్ కాయంత ఉంటుంది, పసుపు రంగు, తింటే పాలు పెదవులకు అంటుకుంటాయి, తీపి మాత్రం అమోఘం. మీకు తెలియని ఒక విషయం చెబుతాను. మీరు తినే సపోటా మధ్య అమెరికా నుంచి వచ్చిన చెట్టు. కడియం నర్సరీల్లో దాన్ని అంటు కట్టేది మన పాల మొక్క వేరు మీదనే. ఆ వేరు మన నేలలను, మన ఎండలను తట్టుకుంటుంది కాబట్టి. కింద నిలబడి మోస్తున్న చెట్టు పండు బజారులో దొరకదు, అడవిలో చెట్లూ తగ్గిపోతున్నాయి. విత్తనానికైనా పాలచెట్లు మిగలకపోతే రేపు సపోటా తోటల గతేమిటి?

తునికి మరొకటి. ఆకు బీడీకి పనికొస్తుంది కాబట్టి ఆకు కోసమే పొదను నరుకుతారు, లేత చిగుళ్ళు రావాలని. నరికిన పొద పండు కాయదు. పెద్ద చెట్టుగా ఎదగనిచ్చిన తునికి పండు లోపల పసుపు గుజ్జు తియ్యగా ఉంటుంది. సూపర్ మార్కెట్లో ఒక్కొక్కటి కాగితంలో చుట్టి అమ్మే పెర్సిమన్ దీని సొంత చుట్టమే, రెండూ ఒకే ప్రజాతి. తునికికి శాస్త్రీయ నామం పెట్టినవాడు విలియం రాక్స్‌బర్గ్. ఆయన 1780ల్లో మన సామర్లకోటలో తోట పెట్టుకుని, కోరమాండల్ తీరపు మొక్కలను బొమ్మలు గీయించి, తెలుగువాళ్ళు వాటిని ఏమని పిలుస్తారో కూడా రాసుకున్నాడు. 1795 నుంచి లండన్‌లో అచ్చైన ఆయన పుస్తకంలో మన పొలం గట్ల చెట్లు ఎన్నో ఉన్నాయి. సీమచింతకు కూడా మొదట శాస్త్రీయ నామం పెట్టింది ఆయనే. ఎక్కడో స్కాట్లండ్ నుంచి వచ్చిన వైద్యుడికి ఉన్న శ్రద్ధ, ఇక్కడే పుట్టిన మనకు ఎందుకు లేదని క్లాసులో పిల్లల్ని అడిగేదాన్ని.

మొర్రి పండు పేరు వినకపోయినా సారపప్పు మీకు తెలుసు. అది మొర్రి పండు టెంకలోని పప్పే. సగానికి పైగా నూనె, దాదాపు అయిదో వంతు మాంసకృత్తులు. కిలో వెయ్యి రూపాయలు దాటిన సరుకు. ధర పెరిగిన కొద్దీ పోటీ పెరిగి, కాయ పండకముందే కొమ్మలు నరికి రాల్చేస్తున్నారు. పండని టెంకలో పప్పు ఉండదు, పడి మొలిచే గింజా ఉండదు. ఏరేవాళ్ళకు మంచి ధర, పండేదాకా ఆగే కట్టుబాటు రెండూ ఉంటేనే ఈ చెట్టు మిగులుతుంది. ఆ కట్టుబాటు ఊరివాళ్ళే పెట్టుకోవాలి, ఫారెస్టు శాఖ కాగితం వల్ల అయ్యే పని కాదు.

ఇప్పుడు మిమ్మల్ని హెచ్చరించాల్సిన సంగతులు. పండుకు మందు గుణం ఉందనగానే వాట్సాప్‌లో దాన్ని మహిమ చేసేస్తున్నారు. లక్ష్మణఫలం క్యాన్సర్‌ను కీమోథెరపీ కంటే బాగా చంపుతుందని నాకే ఎందరో పంపారు. మనుషుల్లో క్యాన్సర్ దానివల్ల తగ్గినట్టు చూపిన సరైన పరీక్ష ఒక్కటీ లేదు. పైగా కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో ఆ పండును, ఆకు కషాయాన్ని ఎక్కువగా వాడేవాళ్ళలో పార్కిన్సన్స్‌ను పోలిన నరాల జబ్బు, మామూలు మందులకు లొంగనిది, ఎక్కువగా ఉందని 1999లో ఫ్రెంచి వైద్యులు ప్రకటించారు. అందులోని అన్నోనాసిన్ అనే పదార్థం నరాలకు హాని చేస్తుందని అనుమానం. ఎప్పుడో ఒక ముక్క తింటే భయం లేదు. రోజూ కషాయం కాచుకుని, ఆసుపత్రి మానేసినవాళ్ళ గురించే నా భయం.

మా ఉద్దానం పిల్లలకు మరో మాట విడిగా చెప్పాలి. మన ఇళ్ళల్లో కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. కోస్తే నక్షత్రంలా కనిపించే స్టార్ ఫ్రూట్ ఇప్పుడు పెరళ్ళలోకి వస్తోంది. కిడ్నీలు సరిగా పనిచేసే మనిషి మితంగా తింటే అది మామూలు పండే. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళు తింటే ఆగని ఎక్కిళ్ళు, మతి తప్పడం, ఫిట్స్, కొందరిలో మరణం కూడా. దీనికి కారణమైన కారంబాక్సిన్ అనే విషాన్ని 2013లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు గుర్తించారు. మీ నాన్నగారికో అత్తకో క్రియాటినిన్ ఎక్కువగా ఉంటే ఆ పండు ఇంట్లోకి రానివ్వకండి. మిగతా పండ్ల రసాలు కూడా, మా జీడి రసంతో సహా, పొటాషియం లెక్క చూసే డాక్టర్ని అడిగాకే ఇవ్వండి.

నేరేడు గింజల పొడి తాగి షుగరు మాత్రలు మానేసినవాళ్ళనూ చూశాను. నేరేడులో ఊదా రంగునిచ్చే ఆంథోసయనిన్లున్నాయి, పీచుంది. షుగరున్నవాళ్ళు మితంగా తినదగిన మంచి పండు. గింజ మీద జంతువుల్లో ఆశ కలిగించే ఫలితాలు వచ్చాయి. బ్రెజిల్‌లో నేరేడాకు టీని షుగరు రోగులకు ఇచ్చి చూస్తే మాత్రం ఏ తేడా రాలేదు. మాత్రలు వేసుకుంటూనే ఆ పొడి తినేవాళ్ళు గ్లూకోజు పడిపోయే ప్రమాదం ఉంది కనుక డాక్టరుకు చెప్పి తీరాలి.

ఇంత చెప్పి పండులో మందు లేదంటారా అని మీరు అడగవచ్చు. ఉంది, ఆహారంలో ఎంత ఉండాలో అంత. 2002లో పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు పిల్లలకు రోజూ పది గ్రాముల చింతపండు పెట్టి చూస్తే మూత్రంలో ఫ్లోరైడ్ బయటికి పోవడం పెరిగింది. నల్గొండలో ఫ్లోరైడ్ నీళ్ళ బాధ తెలిసినవాళ్ళకు దీని విలువ తెలుస్తుంది. చింతపండు వంగిన ఎముకను సరిచేయదు. శుభ్రమైన నీళ్ళు రావాలి, దాంతో పాటు రోజూ చారూ ఉండాలి. ఒక పండు నుంచి నేను ఆశించేది ఇంతే, ఇది చిన్న విషయమేమీ కాదు.

చెట్టుకు పూజ చేస్తే బతకదు, దాని మీద సెమినారు పెడితే బతకదు. దాని పండు తినేవాళ్ళుంటే నరకడానికి వచ్చినవాడిని ఎవరో ఒకరు అడ్డుకుంటారు. నా ఉద్యోగమంతా చెట్ల పేర్లు బట్టీ పట్టించాను. ఇప్పుడు మీ నుంచి కోరుతున్నది వాటి రుచి తెలుసుకోమని. పోషకాహార సంస్థ రోజుకు మనిషికి వంద గ్రాముల పండు తినమంటుంది. అందులో వారానికి రెండు మూడు రోజులైనా మీ ఊరి చెట్టు పండు ఉండేలా చూసుకోండి. సంతలో గంపలో సీమచింతకాయలో రేగుపండ్లో పెట్టుకుని కూర్చున్న అవ్వ దగ్గర బేరం ఆడకుండా కొనండి. ఊరి బడి మధ్యాహ్న భోజనంలో ఆ కాలపు పండు ఒకటి పెట్టమని గ్రామసభలో అడగండి. మీ అమ్మమ్మ, నాన్నమ్మ ఉంటే ఏ చెట్టు ఎక్కడుండేదో, ఏ నెలలో పండేదో, ఎలా తినేవారో అడిగి రాసిపెట్టుకోండి. వాళ్ళు పోయాక అడగడానికి ఎవరూ ఉండరు.

తొలకరి పడగానే ఒక మొక్క నాటండి. ఉసిరి అయితే ఎన్‌.ఎ.-7, మారేడు అయితే ఎన్‌.బి.-5 లేదా ఎన్‌.బి.-9 అంటు అడగండి. మూడూ అప్పటి ఫైజాబాద్ జిల్లాలోని వ్యవసాయ విశ్వవిద్యాలయం ఎంపిక చేసిన రకాలు. గింజ నాటితే మారేడు కాపుకు ఏడెనిమిదేళ్ళు పడుతుంది. అంటు మొక్క నాలుగైదేళ్ళలో కాస్తుంది.

ఇట్లు,
మీ మేలు కోరే పెద్దమ్మ,
ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకురాలు
ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా